గడ్డం పెంచడం: కారణం నుంచి కొలత దాకా, నా అనుభవం

గడ్డం ఎందుకు పెంచావని అడిగితే చాలామంది "గీసుకోవడానికి బద్ధకం" అని నవ్వేసి ఊరుకుంటారు. అడిగినవాళ్ళ నోరు మూయించడానికి నేనూ ఆ మాటే వాడుతుంటాను గానీ అందులో పస లేదు. బద్ధకంతో వదిలేస్తే మిగిలేది మాసిన గడ్డం. పెంచి నిలబెట్టుకున్న గడ్డానికి రోజూ మూడు నాలుగు నిమిషాలు, వారానికోసారి ఇరవై నిమిషాల పని ఉంటుంది. రోజూ షేవింగ్‌కు పట్టే సమయంతో లెక్కేస్తే మిగిలేది కొంచెమే.

కారణం ఏదైనా కావచ్చు, అదేమిటో పెంచేవాడికి ముందే తెలిసుండాలి. ఎన్ని మిల్లీమీటర్లు ఉంచాలి, నూనె రాయాలా వద్దా, చెంప మీద గీత ఎక్కడ రావాలి అన్నవన్నీ దాన్ని బట్టే తేలతాయి. బ్లేడు పొక్కులు తప్పించుకుంటే చాలనుకునేవాడికి 1 నుంచి 3 మి.మీ. పొడవు సరిపోతుంది. చుబుకం లోపలికి ఉన్నట్టు కనిపించేవాడికి అక్కడ 20 మి.మీ. పైనే కావాలి. మతనియమంగా కత్తెర పెట్టకుండా పెంచేవాడి శ్రద్ధంతా కడగడం, చిక్కు తీయడం మీదే. సెలూన్‌లో "ఎలా ఉంచమంటారు?" అని అడిగితే నీళ్ళు నమిలేవాళ్ళలో ఎక్కువమంది ఈ లెక్క వేసుకోనివాళ్ళే.

నా కారణం చర్మం. మెడ మీద వెంట్రుకలు ఉంగరాలు తిరిగే రకమైతే బ్లేడు పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే ఎర్రటి పొక్కులు లేస్తాయి. వైద్యులు దీన్ని సూడోఫాలిక్యులైటిస్ బార్బే అంటారు. చూపుకు ఇన్‌ఫెక్షన్‌లా ఉన్నా మూలం క్రిమి కాదు, వెంట్రుకే. ఏటవాలుగా తెగిన వెంట్రుకకు సూదిమొన వస్తుంది. అది పైకి వచ్చి, వంగి, పక్కనే చర్మంలోకి మళ్ళీ గుచ్చుకుంటుంది. రెండు మూడు బ్లేళ్ళున్న రేజర్లతో ఇంకో చిక్కు ఉంది. ముందు బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగితే వెనక బ్లేడు కోస్తుంది, మిగిలిన మొదలు చర్మం మట్టం కన్నా కిందికి జారుతుంది. ఇక అది బయటికి రాకముందే లోపలి గోడను పొడుస్తుంది. శరీరం దాన్ని బయటి వస్తువుగా చూసి వాపు తెస్తుంది, ఒక్కోసారి చీము పడుతుంది, తగ్గాక నల్లమచ్చ మిగులుతుంది. బాగా బిగుతుగా చుట్టలు తిరిగే జుట్టు గనుక ఆఫ్రికన్ మూలాలున్న మగవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. గడ్డం మీద కఠిన నియమాలున్న అమెరికా సైన్యం కూడా దీని కోసం ఏళ్ళ తరబడి వైద్య మినహాయింపులు ఇస్తూ వచ్చింది.

దీనికి అన్నిటికన్నా నికరమైన మందు బ్లేడు ఆపడం. అయితే ఆపిన మొదటి వారంలో పొక్కులు తగ్గకపోగా పెరిగినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే అప్పటికే లోపలికి తిరిగిన వెంట్రుకలు ఇంకా పెరుగుతున్నాయి. చాలామంది భయపడి మళ్ళీ రేజర్ పట్టేది ఇక్కడే. దాదాపు 10 మి.మీ. పొడవు వచ్చేసరికి వెంట్రుక తన బిగువుకు తానే విడిపోయి బయటికి వస్తుంది. అంటే నెల ఓపిక కావాలి. ఈలోగా గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన గుడ్డ రోజుకోసారి ఐదు నిమిషాలు అద్దితే చర్మం మెత్తబడుతుంది. కంటికి లూప్‌లా కనిపించే వెంట్రుకను స్పిరిట్‌తో తుడిచిన సూదితో పైకి లేపి వదలాలి. పట్టకారుతో పీకితే వచ్చే కొత్త వెంట్రుక లోపలే దారి తప్పుతుంది.

రెండో పెద్ద కారణం ముఖం ఆకారం. చెంపలు పీక్కుపోయినవాడికి పక్కల్లో నిండుదనం, గుండ్రటి ముఖానికి కింద పొడవు, దవడ గీత కనిపించనివాడికి కొత్త గీత: ఇవన్నీ గడ్డంతో సాధ్యమే. అబ్రహాం లింకన్ సంగతి ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. 1860 అక్టోబర్‌లో, ఎన్నికలకు ముందు, గ్రేస్ బెడెల్ అనే 11 ఏళ్ళ అమ్మాయి ఆయనకు ఉత్తరం రాసింది. మీ ముఖం బాగా సన్నగా ఉంది, గడ్డం పెంచితే చాలా బాగుంటారు అని అందులో సలహా. 1861 మార్చిలో ప్రమాణ స్వీకారం నాటికి ఆయనకు గడ్డం ఉంది.

ఇక ఆడవాళ్ళకు నచ్చుతుందనే ఆశ. ఆస్ట్రేలియా పరిశోధకులు డిక్సన్, బ్రూక్స్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే మగవాళ్ళ ఫొటోలు నాలుగు దశల్లో చూపించారు: నున్నగా గీసుకున్నవి, 5 రోజులవి, 10 రోజులవి, నిండు గడ్డంవి. అందానికి ఆడవాళ్ళు 10 రోజుల గడ్డానికి ఎక్కువ మార్కులు వేశారు. మంచి తండ్రి కాగలడా అన్న ప్రశ్నకు నిండు గడ్డం ముందుంది. మరుసటి ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనంలో, గడ్డాలు అరుదుగా కనిపించినప్పుడు గడ్డానికి, అందరికీ గడ్డాలున్నప్పుడు నున్నటి ముఖానికి మార్కులు పెరిగాయి. గడ్డం ఫ్యాషన్ వస్తూ పోతూ ఉండటానికి ఇదొక కారణం కావచ్చు. ఇవి ఫొటోలు చూసి వేసిన మార్కులు. ఇంటావిడ మాట ముందు నిలిచేవి కావు.

పిడిగుద్దుల నుంచి దవడను కాపాడటానికే గడ్డం పుట్టిందనే వాదన కూడా ఉంది. యూటా విశ్వవిద్యాలయంవాళ్ళు ఎముకను పోలిన ముక్కలకు గొర్రె చర్మం చుట్టి, పైనుంచి బరువు పడేసి చూశారు. ఉన్ని నిండుగా ఉన్నవి, ఉన్ని తీసేసినవాటి కన్నా 30 శాతం దాకా ఎక్కువ దెబ్బను తట్టుకున్నాయి. 2020లో వచ్చిన ఈ పనికి మరుసటి ఏడాది ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) శాంతి బహుమతి ఇచ్చారు. ఆ ధైర్యంతో ఎవరూ గొడవకు దిగకపోవడమే మేలు.

ఇప్పుడు పెంచే పద్ధతి. గడ్డం రోజుకు సుమారు 0.3 నుంచి 0.4 మి.మీ. పెరుగుతుంది, అంటే నెలకు ఒక సెంటీమీటరు చిల్లర. అన్ని చోట్లా ఒకేలా రాదు. చాలామందికి మీసం, చుబుకం ముందు నిండుతాయి, చెంపలు వెనకబడతాయి, పెదవి మూల నుంచి చుబుకానికి కలిసే చోట సందు ఉంటుంది. అందుకే మొదటి నాలుగు వారాలు చెంపల మీద ఏమీ ముట్టుకోకూడదు. రెండో వారంలో అద్దంలో చూసి "అతుకులు అతుకులుగా వస్తోంది" అని తీసేసేవాళ్ళలో చాలామందికి నెల తర్వాత పక్క వెంట్రుకలే పొడవు పెరిగి ఆ సందులను కప్పేస్తాయి. నా మట్టుకు ఆరు వారాలు గడవకుండా గడ్డం గురించి తీర్పు చెప్పడం తొందరపాటే.

దురద మొదటి వారం చివర్లో మొదలై మూడో వారానికల్లా సద్దుమణుగుతుంది. తెగిన మొనలు పక్క చర్మాన్ని గీకడం ఒక కారణం. రెండోది పొడిబారడం. సబ్బు చాలావరకు క్షారగుణంతో, పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది, చర్మానిది 5 దరిదాపుల్లో ఉంటుంది. రోజూ ముఖానికి సబ్బు రుద్దితే గడ్డం కింద చర్మం పొలుసులు లేచి దురద రెట్టింపవుతుంది. సబ్బు మాని మైల్డ్ ఫేస్‌వాష్‌కు మారితే సగం బాధ పోతుంది. మిగతా సగానికి నూనె.

గీసేకొద్దీ గడ్డం ఒత్తుగా వస్తుందనే మాట ఇంకా చావలేదు. అమెరికా శాస్త్రవేత్త మిల్‌డ్రెడ్ ట్రాటర్ 1928లోనే కొలిచి చూపించింది: గీయడం వల్ల వెంట్రుక లావూ మారదు, వేగమూ మారదు. ముట్టని వెంట్రుక కొన సన్నగా ఉంటుంది, గీసిన దాని కొన కోసిన గడ్డి మొదలులా మొండిగా ఉండి చేతికి గరుకుగా తగులుతుంది. అంతే తేడా.

మరి కొందరికి ఎందుకు నిండుగా రాదు? టెస్టోస్టెరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోను నూగు వెంట్రుకలను ముదురు వెంట్రుకలుగా మారుస్తుంది. దానికి కుదుళ్ళు ఎంత స్పందిస్తాయన్నది వంశపారంపర్యం. గడ్డం పలచగా ఉన్నంత మాత్రాన హార్మోను తక్కువని కాదు. చిత్రమేమిటంటే, అదే డీహెచ్‌టీ తల మీద కుదుళ్ళను కుదించి బట్టతల తెస్తుంది. గడ్డం కుదుళ్ళు ముప్పై ఏళ్ళ దాకా, కొందరికి ఆ తర్వాత కూడా ముదురుతూనే ఉంటాయి కాబట్టి 20 ఏళ్ళవాడు తండ్రి గడ్డంతో పోల్చుకుని దిగులుపడటం అనవసరం.

జుట్టు మొలవడానికి రాసే మినాక్సిడిల్ అనే మందు గురించి అడగనివాళ్ళు లేరు. 2016లో ప్రచురితమైన థాయ్‌లాండ్ పరిశోధనలో 3 శాతం లోషన్ 16 వారాలు రాసినవాళ్ళకు, మందు లేని లోషన్ రాసినవాళ్ళ కన్నా గడ్డం మెరుగ్గా వచ్చింది. అయినా పైపూతగా ఆ మందు ఆమోదం పొందింది తల జుట్టుకే, గడ్డానికి కాదు. చర్మం మండటం, పొలుసులు లేవడం మామూలు. గుండెదడ, కాళ్ళ వాపు వస్తే వెంటనే ఆపాలి. డాక్టరును అడక్కుండా మొదలుపెట్టొద్దు. ఇంట్లో పిల్లి ఉంటే అసలే వద్దు, అది నాకినా ప్రాణం మీదికి వస్తుంది. బయోటిన్ మాత్రలు ఆ విటమిన్ లోపం ఉన్నవాడికి తప్ప పనిచేస్తాయని నేను నమ్మను. పైగా ఎక్కువ మోతాదులో వేసుకుంటే థైరాయిడ్, గుండెపోటు రక్తపరీక్షల ఫలితాలు తప్పు రావచ్చు. పరీక్షకు ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

నిన్నటిదాకా నిండుగా ఉన్న గడ్డంలో నాణెమంత గుండ్రటి, నున్నటి ఖాళీ కనిపిస్తే అది పేనుకొరుకుడు. పేనుకూ దానికీ సంబంధం లేదు, రోగనిరోధక వ్యవస్థ కుదుళ్ళ మీద పడటం వల్ల వస్తుంది. ఉల్లిపాయ రుద్దుతూ నెలలు గడపకుండా చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. ఎర్రటి అంచుతో, దురదతో వలయంలా పాకితే తామర. దానికి స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే పైకి తగ్గినట్టుండి లోపల ముదురుతుంది.

ఇక గీతలు. గడ్డం చెడేది ఎక్కువగా మెడ గీత దగ్గరే. దవడ ఎముక వెంబడే గీత గీస్తే నిలబడ్డప్పుడు బాగానే ఉంటుంది, మాట్లాడుతూ తల దించగానే కింద కండ బయటపడి రెండో చుబుకంలా కనిపిస్తుంది. సరైన చోటు ఇలా పట్టుకోవాలి. తల పైకెత్తకుండా అద్దంలోకి సూటిగా చూడాలి. మింగినప్పుడు గొంతు మీద కదిలే ముడి ఉంది కదా, దానికి సరిగ్గా పైన రెండు వేళ్ళు అడ్డంగా ఆనించండి. పై వేలి అంచు దగ్గర గీతకు అడుగు భాగం. అక్కడి నుంచి రెండు వైపులా చెవి తమ్మెల వెనక్కి వంపుగా తీసుకెళ్ళాలి. దాని కింద ఉన్నదంతా గార్డు (ఎంత పొడవు మిగలాలో తేల్చే, బ్లేడు మీద తొడిగే దువ్వెన) లేని ట్రిమ్మర్‌తో తీసేయాలి. పొక్కులు లేచే చర్మమైతే ఆ తర్వాత రేజర్ పెట్టకుండా అక్కడితో ఆపాలి. రెండు వైపులూ సమం చేయబోయి ఇటు కొంచెం అటు కొంచెం తీస్తూ పోతే గీత దవడ మీదికి ఎక్కేస్తుంది. కాబట్టి ముందు మధ్యలో, తర్వాత రెండు చివర్లలో తెల్ల పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుని కలపడం మేలు. చెంప గీతకు ఇంత హంగామా అక్కర్లేదు. పైన విడిగా మొలిచిన నాలుగు వెంట్రుకలు తీస్తే చాలు.

కత్తిరించేటప్పుడు గడ్డం పొడిగా ఉండాలి. తడి వెంట్రుక సాగి పొడవుగా కనిపిస్తుంది, ఆరాక చూస్తే అనుకున్న దానికన్నా పొట్టిగా తేలుతుంది. కడిగి, ఆరబెట్టి, ముందు కిందికి, తర్వాత ఎదురు దువ్వి మొదలుపెట్టాలి. అనుకున్న గార్డు కన్నా రెండు మెట్లు పెద్దది ముందు వాడండి: 9 మి.మీ. కావాలంటే 15తో మొదలై 12, ఆ తర్వాత 9. ఒకే గార్డుతోనైనా వెంట్రుక వాలిన దిశలో తీస్తే పొడవు ఎక్కువ మిగులుతుంది, ఎదురు తీస్తే తక్కువ. చెంపలు 9, చుబుకం 15 ఉంచి మధ్యలో 12తో కలిపితే ముఖం కోలగా కనిపిస్తుంది. సైడ్‌లాక్స్ దగ్గర 6, ఆ పైన 3 పెడితే తల జుట్టుతో అతుకు తెలియకుండా కలుస్తుంది. ట్రిమ్మర్ చార్జింగ్ తక్కువగా ఉన్నప్పుడు మొదలుపెట్టొద్దు. మోటారు నెమ్మదించిన బ్లేడు వెంట్రుకను కోయకుండా లాగుతుంది. గార్డు సరిగా పట్టిందో లేదో ప్రతిసారీ వేలితో నొక్కి చూడాలి. మధ్యలో ఊడితే చెంప మీద నున్నటి చార పడుతుంది, దాన్ని దాచాలంటే మిగతాదంతా 2, 3 మి.మీ.కు దించడం తప్ప దారి లేదు. పని అయ్యాక బ్లేడు దులిపి మెషీన్ ఆయిల్ ఒక చుక్క వేయాలి.

మీసం ట్రిమ్మర్‌తో కాకుండా కత్తెరతో. నోరు మూసి, నవ్వకుండా, కిందికి దువ్వి పై పెదవి అంచు దాటినవి మాత్రమే కత్తిరించాలి. నవ్వుతూ కత్తిరిస్తే పెదవి సాగి ఉంటుంది గనుక తర్వాత మీసం పైకి ఎగిరినట్టు కనిపిస్తుంది.

నూనె దగ్గర జనం డబ్బు తగలేస్తారు. ఇంట్లో కలుపుకోవడం కష్టమేమీ కాదు. 30 మి.లీ. సీసాకు 20 మి.లీ. జొజోబా (ఒక ఎడారి మొక్క గింజల నూనె), 10 మి.లీ. బాదం నూనె. జొజోబా నిజానికి ద్రవరూపంలో ఉన్న మైనం, చర్మం తనకు తాను తయారుచేసుకునే జిడ్డుకు దగ్గరగా ఉంటుంది, త్వరగా ముక్కిపోదు. గింజల అలర్జీ ఉన్నవాళ్ళు బాదం మానేసి అంతా జొజోబానే పోసుకోవచ్చు. వాసన కావాలంటే సుగంధ తైలం 6 చుక్కలు, అంటే 1 శాతం, మించొద్దు. నిమ్మ, బెర్గమాట్ (ఇదీ నిమ్మజాతి పండే) తైలాల్లాంటివి రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి మచ్చలు పడవచ్చు. కొత్త మిశ్రమాన్ని మోచేతి మడతలో రాసి 48 గంటలు చూశాకే ముఖానికి. పొట్టి గడ్డానికి 3, 4 చుక్కలు, సెంటీమీటరు దాటితే 6 నుంచి 8. స్నానం అయ్యాక కాస్త తేమ ఉండగా, వేళ్ళను వెంట్రుకల్లోంచి లోపలికి పోనిచ్చి ముందు చర్మానికి పట్టించాలి. పైపైన రాస్తే మెరుపు వస్తుంది గానీ దురద పోదు. మొటిమలు లేచే చర్మానికి కొబ్బరి నూనె పడకపోవచ్చు.

నూనె రాసేకొద్దీ పొలుసులు పెరుగుతుంటే ఆపేయాలి. అది పొడిబారడం కాదు, చుండ్రు. మలసీజియా అనే ఈస్ట్ చర్మం మీద కొవ్వు తిని బతుకుతుంది. మొక్కల నూనెలు చాలావరకు దానికి మేతే. ఇలాంటప్పుడు 2 శాతం కీటోకోనజోల్ (ఈస్ట్‌ను అణిచే మందు) షాంపూ వారానికి రెండుసార్లు చర్మానికి తగిలేలా రుద్ది, ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. తగ్గాక వారానికోసారి చాలు. రుద్దగానే కడిగేసి "పనిచేయలేదు" అనేవాళ్ళే ఎక్కువ. ముక్కు పక్కల, కనుబొమల్లో కూడా పొలుసులుంటే అక్కడికీ అదే మందు, కళ్ళలో పడకుండా.

దువ్వెన చెక్కదైనా, పళ్ళు కోసి నునుపు చేసినదైనా కావాలి. అచ్చు పోసిన ప్లాస్టిక్ దువ్వెన పళ్ళ మధ్య సన్నటి అంచు ఉంటుంది, వెంట్రుకను గీరి కొనలు చీలుస్తుంది. చిక్కు కింది నుంచి పైకి తీయాలి.

గడ్డం అసలు పనికిరాని చోటు కూడా చెప్పాలి. దుమ్ము, విషవాయువుల మధ్య పనిచేసేవాళ్ళు ముఖానికి బిగుతుగా పట్టే రెస్పిరేటర్ (గాలిని వడకట్టే మాస్కు) వాడితే, రబ్బరు అంచు ఆనే చోట ఒక్క రోజు గడ్డం ఉన్నా గాలి పక్కల నుంచి దూరుతుంది. నూనె రాసి నొక్కినా, పట్టీ బిగించినా ఆ సందు మూసుకోదు. పెదవుల చుట్టూ, అంచు లోపలే ఇమిడిపోయే చిన్న గడ్డం ఫరవాలేదు. నిండు గడ్డం తప్పనిసరి అయినవాళ్ళకు తల మొత్తం కప్పి, మోటారుతో గాలి పంపే వదులు హుడ్‌లు ఉన్నాయి.

తీసేయాలనిపిస్తే ఒకేసారి రేజర్ పెట్టకండి, పొడవు వెంట్రుక బ్లేళ్ళ మధ్య ఇరుక్కుని లాగుతుంది. గార్డు 12, 6, 3 చొప్పున దించుతూ చివరకు గార్డు లేకుండా తీయాలి. ప్రతి మెట్టు దగ్గరా ఒక నిమిషం అద్దం చూసుకోండి, 3 మి.మీ. దగ్గర ఆగిపోయేవాళ్ళు చాలామంది. ముందుకు వెళ్ళేటట్టయితే వేడినీళ్ళ గుడ్డ రెండు మూడు నిమిషాలు అద్ది, కొత్త బ్లేడుతో, వెంట్రుక వాలిన దిశలో ఒక్కసారే గీయాలి. నెలల తరబడి ఎండ తగలని చర్మం కాబట్టి మొదటి రెండు వారాలు బయటికి వెళ్ళేటప్పుడు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పనిసరి. గీసిన రాత్రికి నూనె, ఆఫ్టర్‌షేవ్ రెండూ వద్దు, వాసన లేని మాయిశ్చరైజర్ చాలు.